పదకొండు మెట్ల కథలు

కాపర్ బెండ్ ఊరి క్లినిక్కుకు పదకొండు మెట్లు. ఎవరు కట్టించారో గానీ, జబ్బుమనుషుల మీద పగబట్టి కట్టించినట్టుంటాయి. పక్కన వాలుగా ఒక దారి ఉందనుకోండి. మంచు పడ్డాక దాని మీద నడిచినవాడు ఉన్న జబ్బుకు తోడు విరిగిన మణికట్టు కూడా పట్టుకుని లోపలికి వస్తాడు. అందుకని అందరూ మెట్లే ఎక్కుతారు. పైకొచ్చి, బూట్లు దులుపుకుని, గాజు తలుపు తోసుకుంటే ఎదురుగా రిసెప్షన్‌లో ఎల్సీ, ఎడమచేతి వైపు డాక్టర్ ధరణి గది.

ఆ గది కిటికీలోంచి మెట్లన్నీ కనిపిస్తాయి. ఎవరు ఎన్నో మెట్టు దగ్గర ఆగారు, ఎవరు కమ్మీ పట్టుకున్నారు, ఎవరు పైకొచ్చాక మొహం సర్దుకున్నారు, అన్నీ తెలిసిపోతాయి. కుర్చీలో కూచున్న మనిషిని ఎలా ఉన్నారని అడిగితే బాగున్నానంటాడు. మెట్లకు ఆ మర్యాదలు తెలియవు. వచ్చిన నెల తిరక్కుండానే ధరణి తన వైద్యం సగం ఆ కిటికీ దగ్గరే చెయ్యడం మొదలుపెట్టింది.

ఆమెది జగిత్యాల. వరంగల్లులో మెడిసిన్ చదివి, ఆరేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో రోజుకు నూటయాభైమందిని చూసిన చెయ్యి. కెనడా వచ్చి రెండేళ్ళు పరీక్షల మీద పరీక్షలు రాసి, ఏదైనా చిన్న ఊళ్ళో మూడేళ్ళు పనిచేస్తానని సంతకం పెడితే, మ్యాపులో ఈగ వాలినంత చుక్క చూపించి ఇదే మీ ఊరన్నారు. వాంకూవర్ నుంచి తొమ్మిది గంటల డ్రైవ్. ఒక రంపపు మిల్లు, ఒక సరస్సు, ఒకే ఒక ట్రాఫిక్ లైటు. అక్టోబరు మొదట్లో తొలి మంచు పడ్డ నాడు ధరణి అద్దె ఇంటి వరండాలో నిలబడి చూసింది. మంచు పడుతున్న చప్పుడు లేదు. చప్పుడు లేకుండా అంత పని జరగడం ఆమె ఎక్కడా చూడలేదు. పది నిమిషాలకు రోడ్డు లేదు. మరో పది నిమిషాలకు ఎదురింటి కారు ఒక తెల్ల ఏనుగు పిల్లలా పడుకుంది. ఊరికి ఎవరో జోకొట్టి నిద్రపుచ్చి, తనని మాత్రం లేపడం మరిచిపోయి వెళ్ళినట్టనిపించింది ఆమెకు. వంటింట్లో క్యాలెండరు మీద ఆ రోజుకి అడ్డంగా ఒక గీత పెట్టింది. వచ్చిన దగ్గర్నుంచీ రోజుకో గీత. మూడేళ్ళకి ఎన్ని గీతలో ఆమెకి తెలుసు.

ఇక ఆ ఊరి వాళ్ళ సంగతి. వాళ్ళు కొత్తమనిషి కనిపిస్తే ఊరూ పేరూ అడగరు, ఏం ఆడతారని అడుగుతారు. ధరణి చూసిన మొదటి పేషెంటు, చెవిపోటుతో వచ్చిన ట్రక్కు డ్రైవరు, చెవి చూపించడానికి ముందు అదే అడిగాడు. చిన్నప్పుడు ఖోఖో ఆడానంది ధరణి. అతను ఎల్సీ వైపు జాలిగా చూశాడు. గడిచిన ఆరేళ్ళలో ఆ ఊరికి నలుగురు డాక్టర్లు వచ్చి వెళ్ళారు. నలుగురూ ఏ ఆటా ఆడలేదు. చలికాలంలో మంచు మీద ఏదో ఒకటి ఆడని మనిషి మరుసటి వేసవికి ఊళ్ళో ఉండడని అక్కడివాళ్ళ లెక్క.

సరే చూద్దామని ధరణి స్కీలు అద్దెకు తెచ్చుకుంది. సరస్సు ఒడ్డున చదునుగా ఉన్న చోట, పసిపిల్లలు జారే చోట, ఆమె ఒక గంటలో పదిహేడు సార్లు పడింది. పదిహేడోసారి లేవకుండా అలాగే వెల్లకిలా పడుకుని ఆకాశం చూసింది. స్కేటింగుకి వెళ్తే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఇచ్చి, అది తోసుకుంటూ తిరగమన్నారు. చుట్టూ నాలుగేళ్ళ పిల్లలు కూడా కుర్చీలు తోసుకుంటున్నారు. అందులో ఒక పిల్ల ఆమెను దాటి వెళ్తూ, మీరు బాగానే చేస్తున్నారు అని ధైర్యం చెప్పి పోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే వీరభద్రం మెట్లెక్కి వచ్చాడు.

వీరభద్రం గారిది పెద్దాపురం దగ్గర పల్లె. డెబ్భై రెండేళ్ళు. కుర్రతనంలో ఓడలో వంటవాడిగా బయల్దేరి, వాంకూవర్‌లో దిగి, ఎవరో పంజాబీ మిత్రుడు రమ్మంటే ఈ మిల్లుకొచ్చి, ముప్ఫై నాలుగేళ్ళు దూలాలు కోసి రిటైరయ్యాడు. పేరు నోరు తిరగక ఊరంతా ఆయన్ని బాడ్ అంటారు. ఊళ్ళో ఆయనా, భార్య శ్యామలా మాత్రమే తెలుగువాళ్ళు. ధరణి వచ్చాక ముగ్గురయ్యారు.

ఆ రోజు ఆయన తలుపు తోసుకుని లోపలికి రాగానే కూర్చోలేదు. రిసెప్షన్ బల్లకి చెయ్యి ఆనించి, చేతి తొడుగు ఒక్కో వేలి దగ్గరా లాగుతూ నెమ్మదిగా తీశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఎదురుచూసే గదిలో ఉన్న నలుగురూ అప్పటికే పత్రికలు పక్కన పెట్టేశారు.

"డెబ్భై తొమ్మిదిలో చలి," అన్నాడు. ఆగాడు. "మిల్లు పొగగొట్టం ఉంది కదా. దాంట్లోంచి వచ్చిన పొగ," మళ్ళీ ఆగాడు, "వచ్చింది వచ్చినట్టు గడ్డకట్టి నిలబడిపోయింది. నలభై అడుగులు. మేనేజరు చూసి, కుర్రాళ్ళూ అది కోసెయ్యండి అన్నాడు. కోశాం. కోసి ఎండబెట్టాం. ఆ ఏడు ఊరంతా పొయ్యిల్లో అదే పెట్టుకున్నారు. మళ్ళీ పొగ రాదు కదా, అయిపోయిన పొగే అది."

నలుగురూ నవ్వారు. ఎల్సీ నవ్వింది, ఆమె ఆ కథ ఎన్నోసారి వింటోందో ఆమెకే తెలియదు. ఆయన మాటకీ మాటకీ మధ్య ఆగుతుంటే అదంతా కథ చెప్పే ఒడుపు అనుకున్నారు. ధరణి గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన ఐదో మెట్టు దగ్గర సరస్సు వైపు తిరిగి నిలబడటం ఆమె కిటికీలోంచి చూసింది. ఆ వేళ సరస్సు మీద చూడటానికి ఏమీ లేదు.

"ఏడన్న నొప్పి ఉంటుందా అంకుల్?" అనడిగింది లోపలికి తీసుకెళ్ళి.

"నొప్పా? ముప్ఫై నాలుగేళ్ళు దూలాలెత్తిన రొమ్మండీ ఇది. నొప్పి ఒకసారొచ్చింది, జాగా లేదని వెళ్ళిపోయింది."

"మెట్లెక్కినంక ఆయాసం?"

"ఆయాసవా? పోయినేడు దుప్పి ఒకటి నా వెంట పడితే అదే ఆయాసపడి కూలబడింది డాక్టరు గారూ. నేనే దానికి నీళ్ళు తాగించాను."

ఈసీజీ తీసింది. పడుకున్న మనిషి గుండె బుద్ధిగా, తప్పు పట్టడానికి వీల్లేకుండా కొట్టుకుంటోంది. రక్తపరీక్ష బాగుంది. దక్షిణాన నాలుగు గంటల దూరంలో పెద్దాసుపత్రి ఉంది. అక్కడ బెల్టు మీద నడిపిస్తూ గుండెను చూస్తారు, వెళ్ళమంది. ఏమీ లేనిదానికి అంత దూరమెందుకండీ అన్నాడు. పంపించే కాగితంలో మొదటి గడి, పేషెంటు చెప్పిన బాధ. ఆ గడిలో దుప్పి సంగతి రాయలేక ధరణి కలం పక్కన పెట్టింది. రోజూ వేసుకోమని చిన్న ఆస్పిరిన్ బిళ్ళలు రాసిచ్చింది. అవి మాత్రం పుచ్చుకున్నాడు, పిప్పరమెంటులాగా ఉన్నాయని మెచ్చుకున్నాడు కూడా.

ఆమె ఒక పని చేసింది. ఎవరికీ చెప్పకుండా చేతి గడియారం చూసుకుని చార్టులో రాసుకుంది: మెట్లెక్కాక కథ, ఒకటిన్నర నిమిషం.

నవంబరులో ఆయన మళ్ళీ వచ్చాడు. ఈసారి కథలో ఒక దుప్పి రోజూ పొద్దున్నే మిల్లు గేటు దగ్గర కార్డు పంచ్ చేసి లోపలికి వచ్చేది. ముప్ఫై ఏళ్ళ సర్వీసుకి దానికి గడియారం బహుమతిచ్చారు. కథ రెండున్నర నిమిషాలు పట్టింది. డిసెంబరులో నాలుగు నిమిషాలు పైనే. కథలు రానురానూ బాగా పెరుగుతున్నాయని ఎదురుచూసే గదిలోవాళ్ళు సంబరపడ్డారు. ధరణి చార్టులోని అంకెలు మూడూ మళ్ళీ చూసుకుంది. మనిషి దగ్గర ఊపిరి ఎంత తగ్గుతుంటే కథ అంత పెరుగుతోంది. ఎప్పుడో ఒక రోజు కథ పూర్తికాకుండా ఆగిపోతుంది.

"ఆట ఆపెయ్యండి అంకుల్, కొన్ని రోజులు," అంది ఆ రోజు.

వీరభద్రం ఊరి కర్లింగ్ జట్టుకి నాయకుడు. గచ్చంత నున్నటి మంచు మీద ఇరవై కిలోల గుండ్రటి రాయిని జార్చి, అవతలి చివర గీసిన వలయాల నడుమ ఆపే ఆట అది. రాయి పోతుంటే ముందు ఇద్దరు బ్రష్షులతో మంచును తుడుస్తారు. తుడిచేకొద్దీ రాయి ఇంకాస్త దూరం పోతుంది.

ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. మర్నాడు పొద్దున్న ఎల్సీ చేత ధరణికి ఒక బ్రష్షు పంపించాడు. జట్టులో తుడిచే కుర్రాడు కేంబ్రిడ్జ్‌లో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడట. ఆ ఖాళీ డాక్టరు గారిదేనట. ఎల్సీ ఆ జట్టులోనే రెండో తుడిచే మనిషి. వీరభద్రాన్ని ఈ ఊరికి తెచ్చిన గుర్దీప్ మూడోవాడు.

ఆయన్ని ఆపలేకపోతే పక్కనే ఉండి కనిపెట్టనైనా కనిపెట్టవచ్చని ధరణి ఒప్పుకుంది. ఆదివారం వీడియోలో అమ్మ శాంతకు ఆ బ్రష్షు చూపించింది.

"గంత చదువు చదివిపిచ్చింది చీపురు వట్టెటందుకేనా బిడ్డా?" అంది శాంత.

"ఇది ఆటనే అమ్మా."

"ఇంట్ల ఉన్నన్నాడు వాకిలి ఊడువుమంటె ఒక్కనాడు ఊడువకపోతివి. మంచు ఊడువనీకి మాత్రం ఇమానమెక్కి పోయినవు."

శనివారం మధ్యాహ్నాలు ప్రాక్టీసు. రేకుల షెడ్డు, లోపల పొడుగ్గా నాలుగు మంచు బాటలు. పై కిటికీల్లోంచి చలికాలపు ఎండ వాలుగా పడితే ఆ మంచు పాలమీగడ రంగులోకి తిరుగుతుంది. రాయి జారుతుంటే ఒక శబ్దం వస్తుంది. దూరాన ఎక్కడో తిరగలి విసురుతున్నట్టు, ఎవరో గొంతు విప్పకుండా పాడుకుంటున్నట్టు ఉంటుందది. ఆ శబ్దానికి ముందు నడుస్తూ తుడుస్తుంటే ధరణికి తాను ఎక్కడున్నదీ కాసేపు గుర్తుండేది కాదు. కాళ్ళ కింద నేల లేదు, నీళ్ళూ లేవు. రెండింటికీ మధ్య ఏదో ఉంది, దాని మీద పెద్ద రాయొకటి నిద్రలో నడిచినట్టు నడిచి వస్తోంది. స్కీల మీద పదిహేడుసార్లు పడిన మనిషి ఇక్కడ ఒక్కసారి కూడా పడలేదు.

వీరభద్రాన్ని ఆమె బ్రష్షు ముట్టనివ్వలేదు. నాయకుడు తుడవక్కర్లేదు కూడా, వలయాల దగ్గర నిలబడి దారి చూపిస్తాడు, తన వంతు రాళ్ళు జారుస్తాడు. అక్కడ ఆయన కథలు చెప్పడు. ఆ సంగతి ధరణి గమనించింది గానీ కారణం తెలియలేదు.

కారణం చెప్పింది శ్యామల. జనవరిలో ఒక ఆదివారం భోజనానికి పిలిచి, పప్పుచారు రెండోసారి పోసి, భర్త మంచు తవ్వడానికని బయటికి వెళ్ళబోతే పార లాక్కుని సోఫాలో కూచోబెట్టి, వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించింది.

"నలభై ఏడేళ్ళ కాపురమమ్మా. ఈయన నాకు చెప్పిన నిజాలు వేళ్ళ మీద లెక్కెట్టచ్చు. నన్ను చూసుకోడానికొచ్చినప్పుడు ఓడకి కెప్టెన్నని చెప్పేడు. సముద్రం మీద గరిటె తిప్పేవాడని పెళ్ళయ్యేక తెలిసింది."

"నాకు కూడా నిజం చెప్తలేరు ఆంటీ. నాకు తెలుసు ఆయనకి రొమ్ముల ఏదో అయితుందని."

"నాకూ తెలుసు. నిద్దట్లో చెయ్యి అక్కడే పెట్టుకుంటాడు. అడిగితే జేబు వెతుక్కుంటున్నానంటాడు. అబద్ధమాడని చోటు ఒక్కటే ఉందమ్మా ఈయనకి, ఆ రాళ్ళాట. అక్కడ చెట్టంత మనిషి ఉగ్గుపాల పిల్లాడైపోతాడు."

అప్పుడు చెప్పింది. ఆ ఆటకి అంపైరు ఉండడట. జారుతున్న రాయికి ఎవరి బ్రష్షయినా, బూటయినా తగిలితే ఆ రాయి కాలిందంటారు, పక్కకి తీసేస్తారు. అయితే తగిలిన సంగతి తగిలించినవాడే చెప్పాలి, ఇంకెవరూ చెప్పకూడదు. తొంభై నాలుగులో జిల్లా ఫైనల్లో, చివరి రాయికి వీరభద్రం ప్యాంటు అంచు రాసుకుంది. ఒక్కరూ చూడలేదు. ఆయనే చెయ్యెత్తి చెప్పి జట్టును ఓడించాడు. గుర్దీప్ నెలరోజులు మాట్లాడలేదు.

"మరి పెద్దాసుపత్రికి పోనీకి ఎందుకు భయం ఆంటీ?"

"ఆండర్స్ అని స్నేహితుడుండేవాడు. మంగళారం గుండె చూపించుకోడానికెళ్ళి, శుక్రారం డబ్బాలో బూడిదై వచ్చేడు. అక్కడికెళ్తే అంతేనంటాడు ఈయన. ఆండర్స్ మూడేళ్ళు నొప్పి దాచుకుని దాచుకుని వెళ్ళేడు, ఆ ముక్క మటుకు చెప్పడు."

ఆ తరవాతి శనివారం ధరణి ఆశగా మంచు మీదకి వెళ్ళింది. ప్రాక్టీసు మధ్యలో ఆయన పక్కకి చేరి నెమ్మదిగా అడిగింది. "అంకుల్, మెట్లెక్కితే రొమ్ము పట్టేస్తుందా?"

వీరభద్రం ఆమె కేసి చూశాడు. అబద్ధం గొంతు దాకా వచ్చి అక్కడ చలికి గడ్డకట్టుకున్నట్టుంది.

"అది ఆట ప్రశ్న కాదండి," అన్నాడు చివరికి. "మంచు మీద ఆట ప్రశ్నలే అడగాలి." అని, వలయాల వైపు నడిచి వెళ్ళిపోయాడు. ఆ మాత్రం దూరం నడవడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో ధరణి చూసింది.

ఫిబ్రవరి రెండో శనివారం పక్క ఊరితో పోటీ. ఊళ్ళో సగంమంది గాజు అవతల మేడ మీద కాఫీ కప్పులతో కూచున్నారు. ఆట ముందు ఎనిమిది మందీ ఒకళ్ళతో ఒకళ్ళు చేతులు కలిపారు. రెండు గంటలు ఆడాక రెండు జట్లూ సమంగా నిలిచాయి. మిగిలింది ఒక్క రాయి, అది వీరభద్రానిది. వలయాల్లో పక్క ఊరి రాయి నడిమి చుక్కకి జానెడు దూరంలో కూచుంది. దానికంటే దగ్గరగా ఆగితే గెలుపు, లేకపోతే ఓటమి.

వీరభద్రం వంగాడు. ఎంత బరువు మనిషైనా మంచు మీద అలా వంగి జారుతుంటే బరువు ఎక్కడో వదిలేసి వచ్చినట్టుంటాడు. రాయి వదిలాడు. గుర్దీప్ అవతలి చివర్నుంచి తుడవమని అరిచాడు. ధరణి, ఎల్సీ మొదలుపెట్టారు. ఎండ వాలుగా పడుతోంది. రాయి తన పాట అందుకుంది. ధరణికి ఇంకేమీ వినిపించలేదు. బ్రష్షు, మంచు, వెనకే వస్తున్న ఆ నెమ్మదైన బరువు. నిద్రపోయిన ఊరి కలలోకి తనకీ దారి దొరికినట్టనిపించింది. సరిగ్గా అప్పుడు, సగం దారిలో, బ్రష్షు కర్రలోంచి అరచేతిలోకి చీమ పాకినంత కదలిక.

తగిలింది.

రాయి ఆగలేదు, వంకర పోలేదు. అలాగే వెళ్ళి, వలయాల్లో ప్రవేశించి, నెమ్మదించి, నడిమి చుక్క మీద కూచుంది. గాజు అవతల జనం లేచి నిలబడ్డారు. గుర్దీప్ బ్రష్షు పైకెత్తాడు. పక్క ఊరి నాయకుడు ఓటమి ఒప్పుకుంటూ చెయ్యి చాపుకుని వస్తున్నాడు. ఎల్సీ ఆమె వీపు తట్టింది. ఎవరూ చూడలేదు. తనకైనా రూఢిగా తగిలిందా, తన చేతి వణుకేనా అని ధరణి ఒక్క క్షణం మంచు కేసి చూసింది. అరచేతికి మాత్రం తెలుసు. నాలుగు నెలలుగా ఆ ముసలాయన్ని నిజం చెప్పమని వేధిస్తున్న మనిషి తను.

"నా బ్రష్షు తగిలింది," అంది ఇంగ్లీషులో. చెయ్యెత్తి మళ్ళీ చెప్పింది. "రాయికి నా బ్రష్షు తగిలింది."

షెడ్డులో చప్పుడంతా మంచు కిందికి దిగిపోయింది. అవతలి చివర్నుంచి వీరభద్రం నడిచి వచ్చాడు. చాలాసేపు నడిచాడు.

"ఎక్కడ?" అన్నాడు తెలుగులో.

"సగం దారిల."

"గట్టిగానా?"

"వెంట్రుకంత."

ఆయన తలూపాడు. నడిమి చుక్క మీది రాయి దగ్గరికి వెళ్ళి, బూటుతో మెల్లగా, పడుకున్న పిల్లను పక్కకి జరిపినట్టు, వలయాల బయటికి తోసేశాడు. తరవాత పక్క ఊరి నాయకుడి చేతిలో చెయ్యి కలిపి బాగా ఆడారన్నాడు. గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి కాఫీ ఇప్పించడం అక్కడి ఆనవాయితీ. అందరూ మేడమీదికి వెళ్ళారు. గుర్దీప్ వెళ్తూ వెళ్తూ తొంభై నాలుగులో వీరభద్రాన్ని చూసినట్టే ధరణిని కూడా చూశాడు.

ధరణి వెళ్ళలేదు. బ్రష్షు మీద గడ్డం ఆనించి మంచు మీదే నిలబడింది. ఎండ కిటికీల్లోంచి జారి చివరి బాట దాకా పోయింది. కాసేపటికి చూస్తే, అవతల ఇంకో మనిషి కూడా మేడ ఎక్కలేదు. మేడమెట్ల మొదట్లో, కమ్మీ మీద చెయ్యేసి, పైకి చూస్తూ నిలబడి ఉన్నాడు వీరభద్రం. ఆయన వెనక్కి తిరిగి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆగి, చేతి తొడుగు ఒక్కో వేలి దగ్గరా లాగుతూ తీశాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ధరణి కథ కోసం ఎదురుచూసింది.

"నాదీ ఒకటి కాలింది డాక్టరు గారూ," అన్నాడు.

ధరణి బ్రష్షు కింద పెట్టింది. "ఎక్కడ?"

"ఐదో మెట్టు దగ్గర."

"ఎప్పుడు?"

"అక్టోబర్లోనండి."

"గట్టిగానా అంకుల్?"

"మొదట్లో వెంట్రుకంతే. ఇప్పుడు, ఎవరో దూలం తెచ్చి రొమ్ము మీద దింపినట్టుంటంది. ఎడం చెయ్యి మోచేతి దాకా లాగేస్తంది. ఈ వారంలో మెట్లు లేకుండా కూడా వచ్చింది, రెండుసార్లు. కుర్చీలో కూచునుంటేను." ఆయన ఊపిరి తెల్లగా ఆగి ఆగి బయటికొస్తోంది. "ఆండర్స్ కూడా ఇదే చెప్పేడండి నాకు. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పద్దన్నాడు, మానేశాను."

ధరణి ఆయన మణికట్టు పట్టుకుని నాడి చూసింది, ఎన్నాళ్ళ నుంచి, ఎంతసేపు, చెమటలు పట్టాయా అని ఒక్కొక్కటే అడిగింది. మంచు మీద నిలబడి ఆయన అన్నిటికీ నిజమే చెప్పాడు. పెద్దాసుపత్రికి పంపించే కాగితంలో నెలల తరబడి ఖాళీగా ఉన్న ఆ మొదటి గడి పది నిమిషాల్లో నిండింది. నిండాక, కూచున్నప్పుడు కూడా వచ్చే నొప్పిని సోమవారం దాకా ఆపకూడదని ఆమె ఫోను తీసింది.

"అంబులెన్సు నేనెక్కనండి. గుర్దీపు ట్రక్కులో వెళ్తాను."

"అది ఆట ప్రశ్న కాదు అంకుల్," అంది ధరణి.

చాలా రోజుల తరవాత ఆయన కడుపుబ్బ నవ్వబోయాడు. నవ్వడానికి ఊపిరి చాల్లేదు. ధరణి ఆయన్ని బెంచీ మీద కూచోబెట్టి, క్లినిక్కు నుంచి ఎల్సీ పరుగున తెచ్చిన స్ప్రే మందు నాలుక కింద కొట్టింది. అరగంటలో బండి వచ్చింది. శ్యామల బొంత పట్టుకుని ఎక్కింది. ఊళ్ళో ఉన్న ఒకే డాక్టరు ఊరు వదలకూడదు గనక ధరణి షెడ్డు ముందు నిలబడింది. బండి మలుపు తిరిగేదాకా గుర్దీప్ ఆమె పక్కనే నిలబడి, తరవాత తన కాఫీ కప్పు ఆమె చేతిలో పెట్టాడు.

ఆ రాత్రి ఎలా గడిచిందో ధరణికి సరిగా గుర్తులేదు. మంచు పడుతూనే ఉంది. ఆదివారం పొద్దున్నే ఫోను పట్టుకుని ఇంట్లో కూచోలేక స్కీలు తగిలించుకుని సరస్సు మీదకి వెళ్ళింది. పైన తెలుపు, కింద తెలుపు, నడుమ ఎటు వెళ్తున్నదీ తెలియని తను. ఆసుపత్రి వాళ్ళు ఇప్పుడేం చేస్తుంటారా అని ఆలోచిస్తూ ఆలోచిస్తూ, సరస్సు అవతలి ఒడ్డున దేవదారుల నీడలోకి వచ్చాక గానీ తాను ఒక్కసారి కూడా పడలేదని తట్టలేదు. తట్టగానే పడింది. మంచులో వెల్లకిలా పడుకుని ఉండగా జేబులో ఫోను మోగింది.

"రెండు చోట్ల మూసుకుపోయేయంట డాక్టరమ్మా," అంది శ్యామల గొంతు. "సన్న గొట్టాలు పెట్టేరు. ఇంకో వారం ఆగితే మనిషి దక్కేవాడు కాదన్నాడు ఆ డాక్టరు. ఇప్పుడు బాగున్నాడు. ఆ నర్సుకి ఓడ కెప్టెన్నని చెప్తన్నాడు."

ధరణి కళ్ళు తుడుచుకుంది. కన్నీళ్ళు అప్పటికే రెప్పల మీద గట్టిపడి ఉన్నాయి.

మార్చి మొదట్లో, ఊరంతా చూరుల నుంచి చుక్కలు రాలుతున్న ఒక ఉదయం, వీరభద్రం క్లినిక్కుకు వచ్చాడు. ధరణి కిటికీ దగ్గరే ఉంది. ఒకటి, రెండు, మూడు. ఐదో మెట్టు ఆయన కాలి కింద అన్ని మెట్లలాగే పోయింది. కమ్మీ ముట్టలేదు, సరస్సు వైపు తిరగలేదు. తలుపు తోసుకుని వచ్చి, ఎల్సీకి చెయ్యూపి, తొడుగులు రెండూ ఒక్క లాగు లాగి, తిన్నగా కుర్చీలో కూచున్నాడు.

గదిలో ఐదుగురు పత్రికలు పక్కన పెట్టి చూస్తున్నారు. ఆయన గోడ మీది బొమ్మ చూస్తున్నాడు. గడియారం వినిపిస్తోంది.

"అంతేనా బాడ్?" అంది ఎల్సీ.

ఆయనకి కాసేపు అర్థం కాలేదు. తరవాత అందరి మొహాలూ చూశాడు, గుమ్మంలో నిలబడిన ధరణి మొహం కూడా చూశాడు. లేచి, తొడుగులు మళ్ళీ వేసుకుని, తలుపు తీసుకుని బయటికి నడిచాడు. పదకొండు మెట్లూ దిగాడు. కింద ఒక్క నిమిషం ఎండలో నిలబడి, పదకొండూ మళ్ళీ ఎక్కాడు. బల్లకి చెయ్యి ఆనించాడు. ఒక్కో వేలి దగ్గరా లాగుతూ తొడుగు తీశాడు.

"ఫిబ్రవరిలో నేను ఊళ్ళో లేను కదా," అన్నాడు. ఆగాడు, ఊరికే. "వెళ్ళేటప్పుడు హడావుడిలో నా నీడ ఆ షెడ్డులో మంచుకి అతుక్కుపోయింది. పోన్లే అని అక్కడే వదిలేశాను. నిన్న తెచ్చుకుందామని వెళ్ళాను. వెళ్తే, అది నాకోసం చూడనైనా చూడలేదండి. పాపం, చేతిలో బ్రష్షు పట్టుకుని..."

ఎండ కిటికీలోంచి గదిలోకి వచ్చి చార్టు మీద పడింది. ధరణి వంటింటి క్యాలెండరు మీద జనవరి తరవాత గీతలు లేవని ఆ పూట దాకా ఆమె కూడా చూసుకోలేదు. తలుపుకి ఆనుకుని నిలబడి నీడ సంగతి చివరిదాకా వింది. అదెన్ని నిమిషాలు సాగిందో చార్టులో ఎక్కడా లేదు.